ఏడో ప్లాటులో ఎండిన పొద

కోతల మామ చెప్పేదాని ప్రకారం, ఆ మెట్టనేలలో ఒకప్పుడు ఒక సాలెపురుగు ఉండేది. దాని వలకి తగులుకుని ఒక సైకిలు ఆగిపోయింది. సైకిలు మనిషి కిందికి దిగి వల తెంపబోతే సాలెపురుగు కొమ్మ మీదనుంచి తొంగిచూసి, "తెంపకు బాబూ, మూడు రోజుల కష్టం. పక్కనుంచి పో" అందట. ఆయన నోరుమూసుకుని పక్కనుంచే పోయాడట. పరిశోధన కేంద్రానికి కొత్తగా వచ్చిన ఏ విద్యార్థికైనా మొదటిరోజు సైకిలు కథ, రెండోరోజు బల్లిని కట్టేసి పెంచుకున్న సాలెపురుగు కథ తప్పేవి కావు. నమ్మినవాళ్ళని చూసి మామ లోలోపల నవ్వుకునేవాడు. నమ్మనివాళ్ళని చూసి నొచ్చుకున్నట్టు మొహం పెట్టేవాడు.

"ఒట్టు! నా కళ్ళతో చూశా."

"నీకున్నవి రెండు కళ్ళేగా. దానికి ఎనిమిది. దాన్నడిగితే అసలు సంగతి తెలుస్తుంది," అనేది ఆయన భార్య, చేతిలోని సీసా మీదనుంచి తల ఎత్తకుండా.

ఆమెని కేంద్రంలో అందరూ సీసాల పిన్ని అనేవాళ్ళు. పట్టిన సాలెపురుగుల్ని రకం రకంగా విడదీసి, చిటికెనవేలంత సీసాల్లో వేసి, చీటీలు రాసి పెట్టడం ఆమె పని. గేటు దగ్గర వాచ్‌మన్‌కి మాత్రం ఆ పేరు మింగుడుపడేది కాదు.

"మామ పెళ్ళాం అత్త కావాలిగానీ పిన్ని ఎలా అయింది? ఈ ఆఫీసులో వరసలు కూడా తప్పుల తడకే."

"నువ్వు నన్ను అత్తా అని పిలిస్తే నీకు పిల్లనివ్వాల్సొస్తుంది. నాకున్నది ఒక్కతే కూతురు. దానికి బుద్ధుంది," అనేది పిన్ని.

అక్కడ జరిగే పని చెప్పుకోవడానికి చిన్నదే. వాన మొహం ఎప్పుడో గానీ చూడని నేలలో, ఏ మొక్క దగ్గర ఎన్ని రకాల సాలెపురుగులు బతుకుతున్నాయో లెక్కపెట్టాలి. అందుకోసం పన్నెండు ప్లాట్లు గుర్తుపెట్టి, చుట్టూ నైలాను తాడు కట్టారు. కొన్నిట్లో ఒట్టి గులకరాళ్ళు, కొన్నిట్లో గడ్డి దుబ్బులు, ఐదింట్లో ముళ్ళపొదలు. పొదలున్న ప్రతి ప్లాటులోనూ ఒక పెద్ద పొదకి రేకు బిళ్ళ కట్టి ఉండేది. పదిహేను రోజులకొకసారి ఆ పొద కింద తెల్లదుప్పటి పరిచి, మామ కర్రతో సరిగ్గా ఏడు దెబ్బలు కొట్టేవాడు. జలజలా రాలినవాటిని పిన్ని దుప్పటి అంచున మోకాళ్ళమీద కూర్చుని, సన్నటి గొట్టంతో పీల్చి డబ్బాలో పడేసేది. గొట్టం మధ్యలో జాలీ ఉండబట్టి పురుగు నోట్లోకి రాదు. "రోజూ ఇన్ని పీలుస్తుంది, ఒక్కటీ మింగదు. ఇంత నిగ్రహం మా వంశంలో లేదు," అనేవాడు మామ.

ఇంత లెక్కా దేనికని ఎవరైనా అడిగితే మామ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"ఇల్లుంటేనే కాపురం. గులకరాళ్ళ నేలలో పరిగెత్తి తిండి పట్టుకునేవే ఉంటాయి, వాటికి ఊరూ పేరూ లేదు. గడ్డి దుబ్బు ఉందా, దుబ్బుకి అతుక్కుని కూర్చునే సన్న కాళ్ళవి చేరతాయి. పొద ఉందనుకో, అది మూడంతస్తుల మేడ. కింద రాలిన ఆకుల్లో అద్దెవాళ్ళు. నడిమి కొమ్మల్లో ఎగిరి దూకే కుర్రకారు. పైకొమ్మల్లో వల కట్టుకుని కూర్చునే గొప్పింటివాళ్ళు. కొమ్మ ఎన్ని పాయలుగా చీలితే అన్ని కాపురాలు. కొమ్మలు పోయాయా, ఖాళీ చేసి పోతాయి. సామాను కూడా సర్దుకోవు."

ఇదొక్కటే మామ నోట వచ్చిన నిజమని అందరూ అనేవాళ్ళు. అది పూర్తిగా సరికాదు. రిజిస్టరు ముందు కూడా మామ నిజమే చెప్పేవాడు. చెప్పించేది పిన్ని. ఆమె కాన్వెంటులో ఆరో తరగతిదాకా చదువుకుంది. సిస్టర్లు స్కేలుతో వేళ్ళమీద కొట్టి నేర్పిన అక్షరాలు, చీమల బారులా వంకర లేకుండా నడిచేవి. మామ అంకె చెప్పాలి, ఆమె రాయాలి.

"ఈ రకం ఓ పది ఉంటాయి, రాయి."

కలం కదిలేది కాదు.

"పదా, తొమ్మిదా?"

"పదే అనుకో."

"అనుకోవడం ఇంటి దగ్గర. లెక్కపెట్టు."

మామ మళ్ళీ లెక్కపెట్టేవాడు. తొమ్మిది ఉండేవి. పంతొమ్మిదేళ్ళు ఇలా నడిచింది.

ఆ చలికాలం చివర పిన్నికి జ్వరం వచ్చింది. ముందురోజు కూడా దుప్పటి దగ్గర కూర్చుంది. ఆరోరోజుకి ఆసుపత్రివాళ్ళు మామని బయటికి పిలిచి, కుర్చీ చూపించి కూర్చోమన్నారు. కూర్చోమన్నప్పుడే ఆయనకి అర్థమైపోయింది.

పిన్ని పోయిన పదకొండోరోజున మామ పనిలోకి వచ్చాడు. గొట్టం పట్టుకోవడానికి పెద్ద మేడమే వచ్చి మోకాళ్ళమీద కూర్చుంది. ఆ ప్లాట్లన్నీ నలభై నిండకముందే తాడు పట్టి కొలిపించింది ఆమే. ఇప్పుడు రిటైరవడానికి రెండేళ్ళుంది. పంతొమ్మిదేళ్ళ లెక్కనీ పుస్తకంగా రాస్తోంది. మామ కర్రతో కొట్టాడు, మేడమ్ పీల్చింది, మామే అంకెలు రాసుకున్నాడు. కొత్తగా వచ్చిన విద్యార్థులు సైకిలు కథ చెప్పమంటే, "ఆ సైకిలు అమ్మేశారు" అన్నాడు.

అన్ని పొదల్లోకీ ఏడో ప్లాటు పొద గొప్పది. మిగతా నాలుగిట్లో పన్నెండు, పదమూడు రకాలు దొరికితే, దానిలో ఇరవైకి ఎప్పుడూ తగ్గలేదు. కరువు ఏళ్ళలో కూడా పచ్చగా, గుబురుగా, నేలదాకా కొమ్మలు వేసుకుని ఉండేది. ఆ పొద కొమ్మలు చీలే తీరులోనే ఏదో ఉందని మేడమ్ నమ్మకం. పుస్తకంలో దానికోసం ఒక పూర్తి అధ్యాయం రాసింది. ఎండు నేలలో కొమ్మల ఏర్పాటు సాలెపురుగులకి వానకన్నా ముఖ్యమని ఆ అధ్యాయం చెబుతుంది.

పిన్ని పోయిన నాలుగో నెలకి ఆ పొద ఆకు రాల్చింది. ఆరో నెలకి పైకొమ్మలు పుల్లలయ్యాయి. వల కట్టేవి ముందు పోయాయి, తర్వాత దూకేవి. ఇరవైరెండు రకాలు పదిహేనయ్యాయి, పదకొండయ్యాయి. తొమ్మిదో నెలలో మామ ఏడు దెబ్బలూ కొట్టి దుప్పటి చూస్తే ఎనిమిది రకాలున్నాయి.

"వాన అన్నిటికీ ఒకటే పడింది. మిగతా నాలుగు పొదలూ ఎప్పటిలాగే ఉన్నాయి. దీనికేం రోగం?" అంది మేడమ్. చెదలేమోనని వేరుకి ఒక పక్కన తవ్వించింది. లేవు. మేకలేమోనని వాచ్‌మన్‌ని నిలదీసింది. "మేకొస్తే నేను చూడనా మేడమ్? నిద్రలో కూడా ఒక కన్ను తెరిచే ఉంటుంది," అన్నాడతను. "ఏది, ఎడమదా కుడిదా?" అని మామ అడగాల్సిన చోట అడగలేదు.

మామ కూతురు బజారులో బట్టలు కుట్టే షాపు నడుపుతుంది. తండ్రి రోజూ మధ్యాహ్నం క్యాంటీన్లో ఒక బన్ను తిని సరిపెట్టుకుంటున్నాడని ఎవరి ద్వారానో విని, ఒకరోజు పొద్దున్నే టిఫిను డబ్బా చేతిలో పెట్టింది.

"ఖాళీ డబ్బా చూపించాలి. కుక్కకి పెట్టి నాకు చెప్పకు. నీ మాట నేను నమ్మను."

ఆ మధ్యాహ్నం మామ పాత చోటికే వెళ్ళాడు. ప్లాట్ల మధ్య నడిచే దారి ఏడో ప్లాటు తాడుని ఆనుకునే పోతుంది. తాడుకి ఇవతల కూర్చుంటే పొద నీడ తాడు దాటి వచ్చేది. లోపల అడుగుపెట్టకూడదు, పుల్ల విరవకూడదు, నీళ్ళు పెట్టకూడదు అన్నవి మేడమ్ రూళ్ళు. మొగుడూ పెళ్ళాలు పంతొమ్మిదేళ్ళు తాడుకి ఇవతలే కూర్చుని తిన్నారు.

ఇప్పుడు నీడ లేదు. ఎండలోనే తిన్నాడు. డబ్బాలో నీళ్ళు పోసి, తిప్పి, పారబొయ్యడానికి చోటు చూశాడు. గిన్నె కడిగిన నీళ్ళు దారిలో పొయ్యకూడదని పిన్ని ఇంటి దగ్గర ఎప్పుడూ పోరు పెట్టేది. చుక్క నీళ్ళైనా మొక్క మొదట్లో పడాలనేది. మామ చెయ్యి దానంతటదే తాడు మీదుగా పొదవైపు సాగింది. చాచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పొద మొదట్లో, సరిగ్గా చెయ్యి ఆగినచోట, దోసిలంత గుంట ఉంది. వాన నీటికి పడ్డ గుంట కాదు. పైనుంచి ఏళ్ళ తరబడి నీటి ధార పడి తొలిచిన గుంట. అడుగున మట్టి ఎండి, పెంకులు పెంకులుగా విడిపోయి, అంచులు పైకి లేచి ఉంది.

మామ డబ్బా పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. నీళ్ళు పెట్టకూడదంటే గొట్టంతో, బిందెతో పెట్టకూడదని పిన్ని అనుకుంది. గిన్నెలు కడిగిన నీళ్ళు నీళ్ళ కిందే జమ అని ఆమెకి తోచి ఉండదు. తొమ్మిదిని పది అని రాయని మనిషి, ఆ గిన్నెల నీళ్ళని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. పొదకి రోగమేం రాలేదు. పిన్ని రావడం మానేసింది, అంతే.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే తప్పు ఆమె మీద పడుతుంది, చనిపోయిన మనిషి మీద. రాత్రంతా ఆ సంగతే తిరగేసి, తెల్లవారాక మామ మేడమ్ గది తలుపు తట్టాడు.

ఆయన చెబుతున్నంతసేపూ మేడమ్ పేపర్‌వెయిట్‌ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. చివరికి, "రోజూనా?" అంది.

"పనిలోకి వచ్చిన ప్రతిరోజూ."

"పంతొమ్మిదేళ్ళూ!" మేడమ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. మామ తలవంచుకుని తిట్ల కోసం ఎదురుచూశాడు. తిట్లు రాలేదు. తిరిగొచ్చినప్పుడు ఆమె మొహంలో కోపం లేదు, వేరే ఏదో ఆశ ఉంది.

"ఒక్క మాట విను. ఎన్ని నీళ్ళో కచ్చితంగా తెలిస్తే ఇది పాడైపోయిన లెక్క కాదు. రోజుకి ఇన్ని నీళ్ళు పోస్తే పొద ఇంత పెరిగింది, ఇన్ని రకాలు చేరాయి, ఆపేస్తే ఇన్ని నెలల్లో ఇన్ని పోయాయి అని రాయొచ్చు. ఇలాంటి లెక్క ఇంత కాలం ఎవరూ చేసి ఉండరు. పుస్తకం మొత్తానికి ఇదే గొప్ప అధ్యాయం అవుతుంది. పిన్ని పేరు పైనే వేస్తాను. రోజుకి గ్లాసా, రెండా, నాలుగా? ఎంతో కొంత అంటే కుదరదు. తెలియకపోతే ఆ వరస మొత్తం కొట్టెయ్యాలి. రెండు రోజులు ఆలోచించుకుని చెప్పు."

కూతురి షాపులో కుట్టుమిషను పక్కన పీట మీద కూర్చుని మామ ఈ సంగతంతా చెప్పాడు. కూతురు మిషను ఆపకుండానే వింది.

"ఇందులో ఆలోచించేదేముంది? రెండు గ్లాసులని చెప్పు."

"నువ్వు చూశావా?"

"నేనెక్కడ చూశాను? నువ్వుగా పక్కనున్నది."

"నేను తినగానే మొహమ్మీద తువ్వాలు వేసుకుని పడుకునేవాణ్ణి."

"పంతొమ్మిదేళ్ళూ?"

"పంతొమ్మిదేళ్ళూ."

మిషను ఆగింది. కూతురు దారం పళ్ళతో తెంపింది. "జీవితమంతా ఊళ్ళోవాళ్ళ కోసం కోతలు కోశావు. అమ్మ కోసం ఒక్క కోత కొయ్యలేవా నాన్నా?"

మామ ఇంటికి వెళ్ళి రెండు డబ్బాలు ముందు పెట్టుకున్నాడు. పిన్ని ఎలా కడిగి ఉంటుందో అలా కడిగి, ఆ నీళ్ళు గ్లాసుతో కొలిచాడు. ఒకసారి ముప్పావు గ్లాసు వచ్చింది. ఇంకోసారి రెండున్నర. ఆమె ఒక్కసారి తిప్పి పారబోసేదా, రెండుసార్లా? మిగిలిన తాగే నీళ్ళు కూడా అక్కడే వంచేదా? నూటనలభై రకాల సాలెపురుగుల్ని నడక చూసి పోల్చుకునే మనిషికి, పక్కన కూర్చుని తిన్న ఆడమనిషి గిన్నె ఎలా కడిగేదో తెలియలేదు. ఎన్నిసార్లు కళ్ళు మూసుకుని చూసినా తువ్వాలు లోపలి చీకటే కనిపించింది. నీళ్ళ చప్పుడు కూడా గుర్తులేదు. గురకలో ఏం వినబడుతుంది?

రెండోరోజు మేడమ్ కాగితాలు పక్కకి జరిపి, కలం పట్టుకుని సిద్ధంగా కూర్చుంది.

"చెప్పు."

మామ నాలుక చివర రెండు గ్లాసులు నిండుగా నిలబడి ఉన్నాయి. ఆయన జన్మలో ఏ కోతా అంత తయారుగా, అంత ముచ్చటగా లేదు. ఒక చిన్న చిలవ కూడా చేర్చి పెట్టుకున్నాడు. మొదటి గ్లాసు తన డబ్బాకి, రెండోది ఆమె డబ్బాకి, కడిగి కాస్త ఎత్తునుంచి పోసేదట, చెయ్యి తడవకుండా. ఎవరు కాదంటారు?

"చూడలేదు మేడమ్," అన్నాడు.

"సుమారుగా కూడా?"

"లేదు. నేను పడుకునేవాణ్ణి."

మేడమ్ కలానికి మూత పెట్టింది. "నువ్వు ఏదో ఒకటి చెబుతావనుకున్నాను. చెబితే నమ్మేద్దామనే కూర్చున్నాను."

"మీరు నమ్మేస్తారనే భయమేసింది," అన్నాడు మామ.

మేడమ్ మెల్లగా చెప్పింది. ఏడో ప్లాటు ఇక లెక్కలో ఉండదు. అధ్యాయం తీసేస్తుంది. రిజిస్టర్లలో ఆ వరస కొట్టేసి, కొట్టినవాళ్ళు కింద సంతకం పెట్టాలి. "నేను కొట్టనా?" అని అడిగింది. మామ తల అడ్డంగా ఊపాడు.

"పోనీ, లెక్కలోంచి పోయింది కాబట్టి రూలు కూడా లేదు. కావాలంటే పొదకి నీళ్ళు పోసుకో."

"ఎన్ని పొయ్యాలి మేడమ్?"

మేడమ్ రికార్డు గది తాళాలు తీసి మామ చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం మామ ఒక డబ్బాడు నీళ్ళు తీసుకెళ్ళి మొదట్లో పోశాడు. గుంట నిండి పొంగి పొర్లింది. కొమ్మ వంచి చూద్దామని పట్టుకుంటే టక్కున విరిగి చేతిలోకి వచ్చింది. లోపల ఎక్కడా పచ్చి లేదు.

మర్నాడు రికార్డు గదిలో పంతొమ్మిది రిజిస్టర్లు బల్లమీద పేర్చుకుని కూర్చున్నాడు. అంకెలు నాలుగొందల యాభై పైచిలుకు. ఎర్రసిరా కలంతో పై నుంచి కింది దాకా ఒక్కో గీత కొట్టుకుంటూ పోతే గంట పని. మామకి మూడు రోజులు పట్టింది. ప్రతి అంకెనీ ముందు పైకి చదివేవాడు. ఇరవైమూడు. ఇరవైఒకటి. ఇరవైనాలుగు. చదివాకే కొట్టేవాడు. ఒకచోట ఇరవైఒకటి కొట్టి ఇరవై చేసి, పక్కన చిన్నక్షరాలతో 'మళ్ళీ లెక్కపెట్టించాను' అని పిన్ని రాసింది. అది కూడా చదివి కొట్టాడు. మధ్యలో వాచ్‌మన్ టీ గ్లాసుతో వచ్చి, బల్లమీద పెట్టి, ఏదో జోకు వెయ్యబోయి, వెయ్యకుండానే వెళ్ళిపోయాడు.

మూడోరోజు ఆఖరి రిజిస్టరు పట్టుకున్నాడు. ఇందులో కొన్ని అంకెలు పిన్నివి, తర్వాతవి తన కోడిగెలుకుడు రాతలో ఉన్నాయి. ముందు తనవే కొట్టేశాడు, చదవకుండా, గబగబా. తర్వాత వెనక్కి వచ్చి పిన్నివి ఒక్కొక్కటే చదువుతూ కొట్టాడు. చివరికి ఒక్కటి మిగిలింది. ఇరవైరెండు. జ్వరానికి ముందురోజు రాసింది.

మేడమ్ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. "అయిందా?"

"ఈ ఒక్కటీ రేపు కొట్టనా మేడమ్?"

గోడ గడియారంలో ఇంకా నాలుగు కాలేదు. మేడమ్ దానివైపు చూసి, మామవైపు చూసి, "రేపు కొట్టు," అంది.

మర్నాడు పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందే వచ్చి, మామ దాన్ని కొట్టాడు. కింద సంతకం పెట్టాడు. సిరా ఆరేదాకా ఆగి, రిజిస్టరు అరలో పెట్టి, కర్రా దుప్పటీ తీసుకుని ఎనిమిదో ప్లాటుకి వెళ్ళాడు.